కండెమ్ అయ్యే సిటీ బస్సుల్లో ఒక్కటైనా మనకు మిగలాలి

49ఎం ప్యాసింజర్ | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. చాలా రోజుల నుంచి మనసులో ఉన్న మాట ఇది, ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

మొన్న పని మీద ఊరి చివరికి వెళ్తుంటే ఒక ప్రహరీ లోపల పాత సిటీ బస్సులు వరుసగా కనిపించాయి. బండి పక్కన ఆపి గేటు దగ్గరికి వెళ్లాను. వాచ్‌మన్ మంచివాడు, రెండు నిమిషాలు చూసి రమ్మన్నాడు. కొన్నిటికి టైర్లు లేవు, రాళ్ల మీద కూర్చోబెట్టారు. ఒక బస్సు ముందు అద్దం వెనక రేకు బోర్డు ఇంకా అలాగే ఉంది. 49ఎం, సికింద్రాబాద్ – మెహిదీపట్నం. పసుపు రంగు మీద నల్ల అక్షరాలు, చేత్తో రాసినవి. ‘మ’ తలకట్టు దగ్గర రంగు పొర లేచి ఉంది. డిగ్రీ మూడేళ్లూ నేను ఆ రూటులోనే తిరిగాను. ఆ బస్సే అయ్యుంటుందని కాదు కానీ, కాసేపు కాళ్లు కదల్లేదు.

బాధ అనిపించింది ఎందుకంటే, ఇవి కండెమ్ అయినవి, అంటే ఇక నడపడానికి పనికిరావని పక్కన పెట్టేసినవి. ఇక తిరిగి రావు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించరు. ఆర్టీసీ బస్సులూ అందులోకే వస్తాయి. నేరుగా తుక్కు కేంద్రానికి పోవాల్సిందే. ఇంకో లెక్క చూడండి. ఏపీ 11 జెడ్ లాంటి నంబరున్న బస్సు అంటే 2014 జూన్‌కు ముందు రోడ్డెక్కిందన్న మాట. అంటే 2029 సగానికి వచ్చేసరికి ఏపీ నంబరు ఉన్న సిటీ బస్సు హైదరాబాద్‌లో ఒక్కటీ తిరగదు. మన చేతిలో ఉన్నది అంతే సమయం.

చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను ఎంత అపురూపంగా చూసుకుంటున్నారో అందరం చూశాం. అది నిజాం ప్రభువులు ఎప్పుడో ఒకసారి ఎక్కిన కారు. మా అమ్మ 22 ఏళ్లు ఆఫీసుకి వెళ్లింది ఆర్డినరీ బస్సులో. ఆ బస్సు కూడా ఎక్కడో ఒకచోట కప్పు కింద నిలబడాలని నా కోరిక. దీని గురించి తెలిసినవాళ్లు, పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మాట్లాడండి.

గ్యారేజీ మనిషి | శనివారం, రాత్రి 10:05

బాబూ, నేను 31 ఏళ్లు డిపో గ్యారేజీల్లో పనిచేసి రిటైరయ్యాను. నీ పోస్టు మా అబ్బాయి చూపించాడు. టైపింగ్ వాడిదే, మాటలు నావి.

బస్సును దాచడం అంటే కారును దాచినట్టు కాదు. ముందు ఈ సంగతి అందరికీ తెలియాలి. 11 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. దాని మీద కప్పు లేకపోతే మన ఊళ్లో మూడు వానాకాలాలు చాలు. మన బస్సు బాడీ ఎలా ఉంటుందంటే లోపల ఇనప చట్రం, పైన అల్యూమినియం రేకు, రెండింటినీ కలుపుతూ రివెట్లు. రేకుకీ చట్రానికీ మధ్య నీరు చేరి నిలిచిందంటే ఇనుమును తుప్పు తినేస్తుంది. పైకి రేకు మెరుస్తూనే ఉంటుంది, లోపల పిల్లర్ అడుగు పొట్టులా రాలుతుంది. ఫుట్‌బోర్డు మెట్ల కింద, వెనక చక్రాల పైన, చివరి సీటు కింద, ఈ మూడు చోట్ల సుత్తితో మెల్లగా కొట్టి చూడాలి. ఖణేల్‌మంటే బాగున్నట్టు. మొద్దు చప్పుడు వస్తే ఆ బండి వద్దు, ఇంకోటి వెతుక్కోండి.

టైర్ల మీద ఏళ్ల తరబడి నిలబెట్టకూడదు. ఇరుసుల కింద స్టాండ్లు పెట్టి బరువు దించాలి. బ్యాటరీలు తీసేయాలి. ట్యాంకులో డీజిల్ ఉంచకూడదు, అడుగున జిగురు కడుతుంది. ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు వదలాలి. ఇంజన్‌ను ఏడాదికి రెండుసార్లన్నా తిప్పే మనిషి ఉంటే ఇంజన్ బతుకుతుంది, లేకపోతే పిస్టన్లు పట్టేస్తాయి.

ఇంకో మాట. రాళ్ల మీద పెట్టినవాటి జోలికి పోవద్దు. డిపోలోకి తన కాళ్ల మీద తాను నడిచొచ్చిన బండిని, వచ్చిన రోజే అడగండి. ఆ రోజు దాటితే స్టార్టర్, డైనమో, అద్దాలు ఒక్కొక్కటీ వేరే బండికి పోతాయి. అది తప్పు కాదు, నడిచే బండి ఆగకూడదు కదా. నేనూ చాలా తీశాను.

కాచిగూడ కుర్రాడు | శనివారం, రాత్రి 10:31

అంకుల్, ఇవన్నీ మాకు ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. నేను డబుల్ డెక్కర్ ఎప్పుడూ ఎక్కలేదు, అవి ఆగిపోయేటప్పటికి నాకు ఏడాది. ఎక్కినవాళ్లు ఎవరైనా రాయండి ప్లీజ్.

అఫ్జల్‌గంజ్ 7 | శనివారం, రాత్రి 11:12

నేను ఎక్కాను తమ్ముడూ. ఎక్కడం కాదు, అందులోనే పెరిగాను అనొచ్చు. 7 నంబరు, సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్. జూపార్కుకి 7జెడ్.

ఆదివారం మా నాన్న చెయ్యి పట్టుకుని స్టేషన్ దగ్గర నిలబడేవాళ్లం. కింద సీట్లు ఖాళీగా ఉన్నా సరే, పైన ముందు సీటు దొరక్కపోతే ఆ బస్సు వదిలేసేవాళ్లం. మా నాన్న ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పైకి వెళ్లే మెట్లు ఇరుకు, బస్సు కదులుతుంటే కడ్డీ పట్టుకుని పక్కకి ఒరిగి ఎక్కాలి. కడ్డీ మీద రంగు పోయి, చేతులు తగిలి తగిలి ఇనుము నున్నగా ఉండేది. పైన ముందు కూర్చుంటే డ్రైవరు కనిపించడు. రోడ్డు మన కాళ్ల కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. ట్యాంక్‌బండ్ మీదకి రాగానే గాలి ఒక్కసారిగా కొట్టేది. చెట్ల కొమ్మలు అద్దాన్ని తడుముకుంటూ పోయేవి, పిల్లలందరం ఒకేసారి తల వంచేవాళ్లం, కొమ్మ లోపలికి రాదని తెలిసి కూడా.

2003 ప్రాంతంలో అవి ఆగిపోయాయి. ఫ్లైఓవర్లు, కేబుళ్లు, నిర్వహణ ఖర్చు అని రకరకాల కారణాలు విన్నాం. 2023 ఫిబ్రవరిలో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు వచ్చినప్పుడు మా పాపని తీసుకెళ్లాను. ఏసీ ఉంది, బాగుంది, పాపకి నచ్చింది. నాన్న గురించి చెప్పాను. ‘ఆ బస్సు ఎక్కడుంది, చూపించు’ అంది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

ముంబయిలో 2023 సెప్టెంబర్ 15న పాత డబుల్ డెక్కర్ల ఆఖరి ట్రిప్పు తిరిగింది. జనం పూలదండలు వేసి సాగనంపారు. అక్కడ సిటీ బస్సులు నడిపే ‘బెస్ట్’ సంస్థకి ఆణిక్ డిపోలో సొంత మ్యూజియం కూడా ఉంది. మనకి ఆర్డినరీ విషయంలోనైనా ముందే మేలుకునే అవకాశం ఉంది. 49ఎం అన్నా, నేను మీతో ఉన్నాను.

పొద్దున్నే స్టాపులో | ఆదివారం, ఉదయం 7:48

నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి టిక్కెట్ లేదు. అది మంచి పనే, మా ఇంట్లో నెలకి దానివల్ల మిగిలేది చిన్న మొత్తం కాదు. కానీ రద్దీ ఎలా ఉందో రోజూ ఎక్కేవాళ్లకి తెలుసు. నిన్న సాయంత్రం మూడు బస్సులు వదిలేసి నాలుగో దాంట్లో ఒంటికాలి మీద వచ్చాను. ఇలాంటి సమయంలో పాత బస్సుకి షెడ్డు, కాపలా, రంగులు అంటే మనసొప్పడం లేదు. ఆ డబ్బు పెట్టి ఒక్క ట్రిప్పు ఎక్కువ తిప్పినా నలుగురికి మేలు కదా?

49ఎం ప్యాసింజర్ | ఆదివారం, ఉదయం 8:30

మేడమ్, మీ మాట నాకు నచ్చింది. నడిచే బస్సును ఆపి దాచమని నేను అడగను. అలా ఎవరైనా అడిగితే నేనే అడ్డుపడతాను. కండెమ్ చేసిన బస్సు ఎలాగూ ట్రిప్పుకి పనికిరాదు, తుక్కు ధరకి పోతుంది. దాన్ని వదులుకోవడం వల్ల సంస్థకి పోయేది ఆ తుక్కు డబ్బే. షెడ్డు ఖర్చు మాత్రం నిజమే. అది ప్రయాణికుల టిక్కెట్ డబ్బులోంచి రాకూడదు. చందాలు వేసుకుంటాం, ఎవరైనా స్థలం ఇస్తారేమో అడుగుతాం. రద్దీ గురించి రాసే అర్జీలో నా సంతకం కూడా పెట్టించుకోండి.

పొద్దున్నే స్టాపులో | ఆదివారం, ఉదయం 8:41

టిక్కెట్ డబ్బు ముట్టుకోకపోతే నాకు అభ్యంతరం లేదు. ఆ మాట మీద ఉండండి.

రైట్ రైట్ | ఆదివారం, మధ్యాహ్నం 2:15

నేను కండక్టర్‌ని, సిటీలోనే డ్యూటీ. పేరు, డిపో వద్దు. ఇవాళ ఆఫ్, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మీరందరూ ఇంజన్, బాడీ అంటున్నారు. లోపల ఉండేవి ఎవరు దాస్తారు? నేను చేరిన కొత్తలో మా సీనియర్ అక్క దగ్గర పాత టిక్కెట్ ట్రే చూశాను. రేకు పళ్లెంలాంటిది, ఒక్కో ధరకి ఒక్కో కట్ట, ఒక్కో రంగు. స్టేజీని బట్టి పంచ్ కొట్టి చించి ఇవ్వాలి. ఆమె బొటనవేలికి కాయ కాసి ఉండేది. స్టేజీ దాటేలోపు ఎస్‌ఆర్ రాయాలి, అంటే అమ్మిన టిక్కెట్ల లెక్క కాగితం, బస్సు ఊగుతుంటే నిలబడి తొడ మీద అట్ట పెట్టుకుని రాసేవారట. ఇప్పుడు టిక్కెట్లు ఇచ్చే టిమ్ మెషీన్ వచ్చింది, నొక్కితే వస్తుంది. పని తేలికైంది, మంచిదే. కానీ ఆ ట్రే ఎలా ఉండేదో మా తర్వాత చేరినవాళ్లకే తెలియదు, ఇక మీ పిల్లలకి ఏం తెలుస్తుంది.

చిల్లర లేకపోతే టిక్కెట్ వెనక రాసి ఇచ్చేవాళ్లం, దిగేటప్పుడు తీసుకోమని. ఇద్దరికి కలిపి ఒక నోటు ఇచ్చి ‘మీరిద్దరూ పంచుకోండి’ అనేవాళ్లం. అలా నోటు కోసం కలిసి దిగినవాళ్లు తర్వాత రోజూ పక్కపక్కన కూర్చోవడం నా కళ్లతో చూశాను.

గోడ మీద రాతలు కూడా పోనివ్వకండి. ‘స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం’ అని ముందు సీట్ల పైన ఉంటుంది కదా, ఆ రంగు మీద ఇంకో రంగు వేయొద్దు. ఆ వాక్యం చూపించే నేను ఎన్నోసార్లు సీట్లు ఖాళీ చేయించాను.

బస్సు దొరికితే నా పాత లెదర్ బ్యాగు ఇస్తాను. పట్టీ తెగింది, కుట్టించాలి.

గ్యారేజీ మనిషి | ఆదివారం, సాయంత్రం 4:02

అమ్మా, బ్యాగు కుట్టించకు. అలాగే ఇవ్వు. ఎక్కడ తెగిందో చూస్తే భుజం మీద ఎటు బరువు పడేదో తెలుస్తుంది.

అట్టబస్సు | ఆదివారం, సాయంత్రం 6:20

నేను బీటెక్ రెండో సంవత్సరం. అట్టముక్కలతో, ఫోమ్ షీటుతో మన సిటీ బస్సుల నమూనాలు చేస్తాను. ఇప్పటికి 14 చేశాను. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, మెట్రో డీలక్స్, ఎయిర్‌పోర్ట్ పుష్పక్ అన్నీ ఉన్నాయి. కొలతలు దొరకవు, అదే పెద్ద ఇబ్బంది. స్టాపులో బస్సు ఆగినప్పుడు జానలతో కొలుస్తాను, ఫొటో తీసి కిటికీలు లెక్కపెడతాను. ఒక్క బస్సు నిలబడి ఉంటే టేపు పెట్టి ప్రతిదీ కొలిచి డ్రాయింగ్ గీస్తాను. నా ఖర్చుతోనే.

ఒక సందేహం. జిల్లాల్లో ఎక్స్‌ప్రెస్‌గా తిరిగి, తర్వాత సీట్లు, రంగు మార్చి సిటీకి ఇచ్చిన బస్సులు కూడా ఉంటాయి కదా. అలాంటిది దొరికితే ఏ రూపంలో ఉంచాలి? కొన్న రోజున ఉన్నట్టా, ఆఖరి రోజున ఉన్నట్టా? నాకైతే కొత్తలా రంగు వేసి మెరిపించాలని ఉంది.

కాచిగూడ కుర్రాడు | ఆదివారం, సాయంత్రం 6:44

కొత్తలా చేస్తేనే జనం వస్తారు బ్రో. తుప్పు బస్సు చూడ్డానికి ఎవరొస్తారు.

గ్యారేజీ మనిషి | ఆదివారం, రాత్రి 8:10

నాయనలారా, నా మాట వినండి. తుప్పును ఆపాలి, అందులో రెండో మాట లేదు. చట్రం కుళ్లితే కొత్త పిల్లరు వేయాలి, వేసిన చోట తేదీ రాసిపెట్టాలి. కానీ పైరంగు, సీటు కవర్లు, డ్రైవర్ ముందు అతికించిన దేవుడి స్టిక్కరు, గేర్ రాడ్ మీద చుట్టిన గుడ్డ, వీటిని కదపకండి. ఒక డ్రైవరు వర్షంలో కుడి అద్దం కనపడటంలేదని తానే ఒక కొక్కెం చేసుకుని తగిలించుకున్నాడు, నాకు గుర్తుంది. అది కంపెనీ డ్రాయింగులో ఉండదు. కొత్తలా చేస్తామని ముందు అవే పీకేస్తారు. బస్సు షోరూంలో ఎలా ఉండేదో ఫొటోల్లో దొరుకుతుంది. 12 లక్షల కిలోమీటర్లు తిరిగాక ఎలా ఉంటుందో ఆ బస్సే చెప్పాలి.

అట్టబస్సు | ఆదివారం, రాత్రి 8:25

అంకుల్, ఒప్పుకున్నాను. కొత్తగా ఉండే రూపం నేను నమూనాలో చేసి పక్కన పెడతాను.

సెక్షన్లు చదివే మనిషి | సోమవారం, ఉదయం 11:30

చట్టం వైపు నుంచి కొన్ని సంగతులు. వింటేజ్ వాహనాల కోసం 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల ఫీజు. కానీ అది 50 ఏళ్లు దాటిన వాటికి, అదీ సొంత వాడకపు టూవీలర్లు, కార్ల లాంటి వాటికి. 15 ఏళ్ల ఆర్టీసీ బస్సు అందులో ఇమడదు. 15కీ 50కీ మధ్య 35 ఏళ్ల పాటు ఈ బస్సులకి ఏ పేరూ లేదు. అసలు చిక్కు అక్కడుంది.

కాబట్టి రోడ్డు మీద నడుపుదామనే ఆశ ఇప్పటికి పక్కన పెట్టండి. రిజిస్ట్రేషన్ రద్దు చేసి, కదలని ప్రదర్శన వస్తువుగా ఉంచమని అడగండి. తుక్కు కేంద్రానికి అప్పగించాక ఛాసిస్ నంబరున్న ముక్క కోసేస్తారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. అర్జీ దానికి ముందే చేరాలి. బస్సును మీకు ఇమ్మని రాయకండి. సంస్థ పేరు మీదే, సంస్థ స్థలంలోనే ఉంచమని, సంరక్షణ ఖర్చు మీరు చూసుకుంటామని రాయండి. ఇచ్చేయడం కష్టం, ఉంచుకోవడం తేలిక.

తార్నాక టీ | సోమవారం, మధ్యాహ్నం 1:10

ఊరికే నిలబెట్టే బదులు వాడుకోవచ్చు కదా. 2020లో పాత బస్సుల్ని మహిళల కోసం మొబైల్ టాయిలెట్లుగా మార్చారు. అదే ఏడాది కొన్నిటిని కార్గో బస్సులు చేశారు. కేరళలో మున్నార్‌లో పాత బస్సుల్లో బెర్తులు వేసి టూరిస్టులకు రాత్రి బసకి ఇస్తున్నారు. మన దగ్గర ఒకటి లైబ్రరీ చేస్తే బస్సూ ఉంటుంది, పదిమందికీ పనికొస్తుంది.

అఫ్జల్‌గంజ్ 7 | సోమవారం, మధ్యాహ్నం 1:52

అన్నా, అవన్నీ మంచి పనులే. వంద బస్సుల్లో 99 అలా వాడండి, సంతోషం. కానీ లైబ్రరీ చేయాలంటే సీట్లు పీకాలి, కిటికీలకి అరలు అడ్డొస్తాయి, నేల మీద కొత్త షీటు వేయాలి. పదేళ్ల తర్వాత చూస్తే బయట రేకు ఒక్కటే బస్సుది. ఒకటి మాత్రం సీటుతో, కడ్డీతో, ఫుట్‌బోర్డుతో అలాగే ఉండనివ్వండి.

తార్నాక టీ | సోమవారం, మధ్యాహ్నం 2:05

అలాగే అన్నా. పక్కన ఇంకో బస్సు పెట్టి అందులో పాత ఫొటోలు, పుస్తకాలు పెడదాం.

చరిత్ర పిచ్చి | సోమవారం, రాత్రి 9:40

ఈ చర్చ చదువుతుంటే నాకు గౌలిగూడ హ్యాంగర్ గుర్తొచ్చింది. పాత సీబీఎస్, అంటే సెంట్రల్ బస్ స్టేషన్. విమానాల కోసం కట్టిన రేకు కప్పు, 1932లో బస్టాండ్ అయింది. అదే ఏడాది జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1994లో ఇమ్లీబన్‌కి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) వచ్చేదాకా ఊరికి అదే ప్రధాన బస్టాండ్. 2018 జూలై 5న ఉదయం ఆ కప్పు మొత్తం కుప్పకూలింది. ముందే ఖాళీ చేయించడంతో ప్రాణాలు దక్కాయి. దాన్ని కాపాడాలని మాట్లాడుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఒక్క అర్జీ కూడా నా చేత్తో రాయలేదు. అది ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

అందుకని ఈసారి నా వంతు పని ముందే చెబుతున్నా. ఆ 27 బస్సుల తరం నుంచి అల్బియాన్ కంపెనీ బస్సు ఒకటి మిగిలింది, గ్లాస్గోలో తయారైన 1932 నాటి బండి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బస్ భవన్‌లో ప్రదర్శనకు పెట్టినది. సంస్థకి దాచుకునే గుణం ఉంది అనడానికి అదే సాక్ష్యం, అర్జీలో మొదటి పేరా అదే కావాలి. 1951లో రైల్వే నుంచి విడిపోవడం, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ, తర్వాత టీఎస్ఆర్టీసీ, ఇప్పుడు టీజీఎస్ఆర్టీసీ. ఆ అల్బియాన్ తర్వాత ఇన్ని పేర్లు మారిన ఈ మొత్తం కాలానికి జనం ఎక్కిన మామూలు బస్సు ఒకటి పక్కన ఉండాలి. నంబరు ప్లేటులో జెడ్ కథ కూడా రాస్తాను, నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని పెద్దలు చెప్పుకునేది. చెప్పుకునే మాటగానే రాస్తాను.

పొద్దున్నే స్టాపులో | మంగళవారం, ఉదయం 7:55

ఒకటి అడగాలి. ఎలక్ట్రిక్ బస్సులు వేలల్లో వస్తాయంటున్నారు కదా. వాటి సంగతేంటి, అవి పాతబడ్డాక?

సెక్షన్లు చదివే మనిషి | మంగళవారం, ఉదయం 10:18

మంచి ప్రశ్న మేడమ్. కేంద్ర పథకంలో హైదరాబాద్‌కి 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఇవి కిలోమీటరుకి ఇంత అని చెల్లించే పద్ధతి మీద నడుస్తాయి. బస్సు కాంట్రాక్టరుది, డ్రైవరు కూడా వాళ్ల మనిషే. కండక్టరు, రూటు, టిక్కెట్ సంస్థవి. అంటే గడువయ్యాక ఆ బస్సును ఉంచాలా వద్దా అని చెప్పే హక్కు సంస్థకి ఉండకపోవచ్చు. సంస్థ సొంతంగా కొని, సొంత డ్రైవరుతో నడిపిన డీజిల్ ఆర్డినరీ తరం ఇదే ఆఖరు అయ్యేలా ఉంది. అర్జీలో ఈ పాయింటు కూడా పెట్టండి.

రైట్ రైట్ | మంగళవారం, రాత్రి 10:50

ఇప్పుడే డ్యూటీ దిగాను. ఇంకో మాట చెప్పి పడుకుంటా. చప్పుడు కూడా రికార్డు చేయండి. రెండో గేరులో ఎత్తు ఎక్కేటప్పటి మూలుగు, తలుపు దగ్గర రేకు కొట్టుకోవడం, బ్రేకు వదిలినప్పుడు ‘ఉస్స్’ అనే గాలి. ఎలక్ట్రిక్ బస్సులో డ్యూటీ పడిన రోజు ఇంటికొచ్చాక చెవులు ఖాళీగా అనిపిస్తాయి. మా డ్రైవరు అన్నని అడిగాను, ఫోన్ పెట్టుకుంటానంటే సరే అన్నాడు.

49ఎం ప్యాసింజర్ | తరువాతి ఆదివారం, రాత్రి 8:35

అందరికీ ఒక కబురు.

అర్జీ తయారైంది, మూడు పేజీలు. చరిత్ర పిచ్చి గారు రాశారు, సెక్షన్లు సార్ సరిచేశారు. 63 సంతకాలు వచ్చాయి, పొద్దున్నే స్టాపులో మేడమ్ ఒక్కరే తన స్టాపులో 19 చేయించారు. రద్దీ అర్జీలో మేమందరం సంతకం పెట్టాం, రెండూ ఒకే రోజు ఇస్తాం.

ఇవాళ పొద్దున గ్యారేజీ అంకుల్‌ని తీసుకుని అదే ప్రహరీ దగ్గరికి మళ్లీ వెళ్లాను. అనుమతి అడిగే వెళ్లాం. అంకుల్ చేతిలో చిన్న సుత్తి. 49ఎం బోర్డున్న బస్సు మెట్ల కింద కొట్టారు, మొద్దు చప్పుడు. వెనక చక్రం పైన కొట్టారు, సుత్తి లోపలికి దిగింది. తల అడ్డంగా ఊపారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన నా భుజం తట్టి తొమ్మిది బస్సులు ఒక్కొక్కటీ కొట్టుకుంటూ వెళ్లారు. పదో బస్సు టైర్ల మీదే ఉంది, వచ్చి నాలుగు రోజులే అయిందట. మూడు చోట్లా ఖణేల్‌మంది. లోపల సీట్లన్నీ ఉన్నాయి. ముందు సీట్ల పైన ఆ రాత చెక్కుచెదరలేదు. గేర్ రాడ్‌కి నీలం గుడ్డ చుట్టి ఉంది. అంకుల్ డ్రైవర్ సీట్లో కూర్చుని చాలాసేపు దిగలేదు.

నంబరు ఏపీ 11 జెడ్‌తోనే మొదలవుతుంది. మిగతా అంకెలు ఇక్కడ పెట్టను, అర్జీలో రాశాం.

రేపు సోమవారం ఉదయం 10:30కి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కలుద్దాం. అట్టబస్సు, నీ ఆర్డినరీ నమూనా పట్టుకురా. రైట్ రైట్ అక్కా, మీకు రేపు డ్యూటీ ఉంటుందని తెలుసు, బ్యాగు అఫ్జల్‌గంజ్ అన్నకి ఇచ్చి పంపండి.

రైట్ రైట్ | ఆదివారం, రాత్రి 11:20

నా ట్రిప్పు 11 గంటలకి క్రాస్‌రోడ్స్ మీదుగానే వెళ్తుంది. స్టాపులో ముందు తలుపు దగ్గర ఎవరైనా నిలబడండి, చేతికే ఇస్తాను.